పెద్దమామా గుట్టెక్కిన రోజు

ఆ రోజుకు పెద్దమామాకు డెబ్బై నాలుగేళ్ళు. కుడి మోకాలు మార్చి ఏడాదిన్నర అయింది. కువైట్‌లోని రుమైథియాలో వాళ్ళది మూడంతస్తుల ఇల్లు, లోపలే లిఫ్టు ఉంది. ఆపరేషన్‌కు ముందు నొప్పి వల్లా, ఆపరేషన్ తర్వాత అలవాటు వల్లా ఆమె మెట్ల మొహం చూడటం మానేసింది. అలాంటి మనిషి ఐర్లాండు దేశంలో ఒక గుట్ట ఎక్కింది. నేనే ఎక్కించానని ఇంట్లో అందరూ ఇప్పటికీ అంటారు. జరిగింది వేరు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. కువైట్‌లో ఇంటిపని చేసే మేము యజమానురాలిని మామా అని పిలుస్తాం. మా ఇంటి మామా ఒక బడిలో పెద్ద ఉద్యోగం చేస్తుంది. ఆమె తల్లి పెద్దమామా. ఆ 'పెద్ద' నేను మనసులో చేర్చుకున్న మాట. పైకి ఇద్దరినీ మామా అనే పిలవాలి. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నప్పుడు పిలిస్తే ఇద్దరూ తిరిగి చూస్తారు, ఇద్దరూ తలా ఒక పని చెబుతారు. అందుకని ఇద్దరూ ఉన్నచోట నేను ఎక్కువ మాట్లాడను.

నేను ఆ ఇంటికి వచ్చి పదకొండేళ్ళు. మొదటి ఎనిమిదేళ్ళు వంటిల్లు. తర్వాత వంటకు వేరే ఆమె వచ్చాక నన్ను పెద్దమామాకు అప్పగించారు. మందులు ఇవ్వడం, బట్టలు తీసిపెట్టడం, నమాజు వేళకు మడత కుర్చీ వేయడం, టీవీలో వంటల కార్యక్రమం వస్తుంటే పక్కన కూర్చుని అది తప్పు వంట అని ఆమె అన్నప్పుడల్లా ఒప్పుకోవడం నా పనులు. మా మాటలన్నీ అరబీలోనే. నాది వంటింట్లో నేర్చుకున్న అరబీ. అందులో ఉప్పు, కారం, త్వరగా, ఇప్పుడే అనే మాటలు బాగా వస్తాయి. మిగతావి చేతులతో చెబుతాను. ఇక్కడ అన్నీ తెలుగులో రాస్తున్నాను కాబట్టి నేను ఉన్నదానికన్నా తెలివిగా కనిపించవచ్చు.

మోకాలి డాక్టరు రోజూ నడవాలన్నాడు. ఏడాదిలో సగం రోజులు ఇక్కడి ఎండ మనిషి నడిచే ఎండ కాదు. అందుకని ఎగైలాలో ఉన్న పెద్దమామా రెండో కూతురి ఇంటికి పోయే వంకతో, అక్కడి మాల్‌లో సాయంత్రాలు నడిపించమని మామా చెప్పింది. రాయచోటి అన్న కారు తోలేవాడు. అన్న ఆ ఇంట్లో డ్రైవరు, నాకన్నా ముందు నుంచి ఉన్నాడు. మాల్‌లో పెద్దమామా నడుస్తుంటే పక్కనే నేను ఖాళీ చక్రాల కుర్చీ తోసుకుంటూ పోవాలి, మధ్యలో అలిసిపోతే కూర్చోవడానికి. ఆమె దానిలో ఒక్కనాడూ కూర్చోలేదు. చేతిసంచి పెట్టింది. అలా ఏడాదిన్నరపాటు నేను ఒక చేతిసంచిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఎగైలా మాలంతా తిప్పాను. చూసినవాళ్ళు ముందు కుర్చీ వంక, తర్వాత సంచి వంక, తర్వాత నా వంక చూసేవాళ్ళు.

మామా కొడుకు ఐర్లాండులో డాక్టరు చదువు చదివాడు. నిరుడు వేసవిలో అతనికి పట్టా ఇచ్చే పండుగ ఉంటే ఇంటిల్లిపాదీ మూడు వారాలకు బయలుదేరారు. మామా, ఆమె భర్త, ఇద్దరు కూతుళ్ళు, పెద్దమామా. పెద్దమామా కోసం నేను. వీసాకు నా వేలిముద్రలు కూడా తీసుకున్నారు.

బయలుదేరే ముందు రోజు రాయచోటి అన్న పెట్టెలు సర్దడానికి సాయం వచ్చాడు.

"ఐర్లాండంటే యాడుండాది చెల్లే?" అన్నాడు.

"లండన్ పక్కనంట అన్నా."

"ఆడ దినామూ వాన పడ్తాదంట. పన్నెండు నెలలూ."

"అయితే పంటలు బాగుంటాయేమో."

"పంటల్లేవంట. గడ్డేనంట. యాడజూసినా గొర్లేనంట." పెట్టె మీద కూర్చుని మూత నొక్కుతూ కాసేపు ఆలోచించాడు. "ఆ వానలో సగం మన రాయచోటిలో పడింటే నేనీడ కారు తోల్తా ఉండను" అన్నాడు.

నేను కూడా ఉండేదాన్ని కాదు. కానీ అప్పుడు పెట్టె మూత పడటమే మా ఇద్దరికీ ముఖ్యం.

పట్టణంలో అందరికీ సరిపోయే ఇల్లు దొరక్క, పల్లెలో ఒక ఇల్లు మూడు వారాలకు తీసుకున్నారు. రాతిగోడల మధ్య పొలాలు, పొలాల్లో గొర్రెలు, గొర్రెల మీద వాన. అన్న చెప్పింది నిజమే. పెద్దమామాకు మొదటి రెండు రోజులు వాన చాలా నచ్చింది. కువైట్‌లో నాలుగు చినుకులు పడితే జనం కార్లేసుకుని చూడటానికి పోతారు. ఆమె కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని, వాన పడినంతసేపూ దేవుడిని తలుచుకునేది. మూడో రోజుకు తలుచుకోవడం తగ్గింది. నాలుగో రోజు, "ఇది ఆగదా?" అని అడిగింది. సూర్యుడి మీద కూడా ఆమెకు ఫిర్యాదు ఉండేది. ఎప్పటికీ దిగడు. నమాజు వేళలన్నీ చెదిరిపోయాయి.

ఇంటి వెనక గుట్ట ఉంది. అక్కడివాళ్ళు దాన్ని పర్వతం అంటారు. మా రాయచోటి వైపు అయితే దానికి పేరు కూడా పెట్టరు. బండలు లేవు, చెట్లు లేవు. గోధుమరంగు గొంగళి కప్పుకుని ఎవరో పక్కకు తిరిగి పడుకున్నట్టు ఉంటుంది. మబ్బు దిగితే అదీ కనిపించదు.

ఇంటి ఆసామి భార్య రబ్బరు బూట్లు వేసుకుని గుడ్లు ఇవ్వడానికి వచ్చింది. ఆ రోజు మనవడు కూడా ఇంట్లోనే ఉన్నాడు. పెద్దమామా గుట్ట చూపించి ఏదో అడిగితే అతను ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె నవ్వుతూ, ఊళ్ళో అందరూ ఎక్కుతారు, పైకి గంట పడుతుంది, మా అత్తగారు ఎనభై ఏళ్ళకు కూడా ఎక్కేది అంది. మనవడు దాన్ని అరబీలోకి మార్చి చెప్పాడు. ఎనభై ఏళ్ళ అత్తగారి సంగతి అతను చెప్పకుండా ఉండాల్సింది.

"అయితే నేనూ ఎక్కుతాను" అంది పెద్దమామా.

అందరూ నవ్వారు. మనవరాళ్ళు నవ్వారు, అల్లుడు నవ్వాడు. మామా నవ్వి, "అమ్మా, నువ్వు ముందు ఇంట్లో మెట్లు ఎక్కు" అంది. గుడ్లావిడకు ఏం జరిగిందో తెలియకపోయినా మర్యాదకు నవ్వింది. నేను నవ్వలేదు. మంచితనం కాదు. నా చేతిలో గుడ్ల బుట్ట ఉంది.

పెద్దమామా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాలుగు రోజులు గడిచాయి.

ఐదో రోజు పొద్దున అందరూ పట్టణానికి బయలుదేరారు. మనవడి గౌను సరిచూసుకోవాలి, అమ్మాయిలు దుకాణాలకు పోవాలి. పెద్దమామా తలనొప్పిగా ఉందని ఉండిపోయింది. నేను ఆమె దగ్గర ఉండాలి. కారు గేటు దాటి, సందు తిరిగి, చప్పుడు కూడా వినిపించకుండా పోయేదాకా ఆమె కళ్ళు మూసుకుని సోఫాలో ఉంది. తర్వాత లేచి కూర్చుంది.

"యల్లా" అంది, పద అని.

"ఎక్కడికి మామా?"

ఆమె కిటికీ వైపు చూసింది.

నేను వద్దన్నాను. అది మాత్రం అందరూ నమ్మాలి. వాన అన్నాను. వాన లేదు, ఆ రోజు చినుకు కూడా లేదు. మోకాలు అన్నాను. "మోకాలు నాదా నీదా?" అంది. మామా కోప్పడుతుంది అన్నాను. "ఆమెను కన్నది నేను" అంది. ఇంక నా అరబీ అయిపోయింది. ఆమె అప్పటికే బూట్లు వేసుకుని, తాడు కట్టమని కాలు చాపింది.

ఫ్లాస్కులో టీ, ఖర్జూరాలు, మాత్రల డబ్బా, నీళ్ళ సీసా తీసుకున్నాను. మడత కుర్చీ భుజాన తగిలించుకున్నాను. పెద్దమామా నల్ల అబాయా మీద శాలువా కప్పుకుంది. చలికని మామా నాకిచ్చిన పాత నల్ల కోటు నేను వేసుకుని, తలకు నల్ల స్కార్ఫ్ చుట్టుకున్నాను. పది గంటలకు వెనక గేటు తీసుకుని బయటపడ్డాం.

ముప్పై అడుగులు నడవడం, కుర్చీ వేయడం, ఆమె కూర్చోవడం, లేవడం. ఇదీ మా పద్ధతి. మొదటి పొలం దాటేసరికే నాకు భయం తగ్గి, విసుగు మొదలైంది. గొర్రెల తుంటి మీద నీలం రంగు పూసి ఉంది.

"ఎందుకలా?" అంది పెద్దమామా.

"ఎవరి గొర్రెలో తెలియడానికి మామా. మా ఊళ్ళోనూ పూస్తాం. మేము ఎరుపు పూసేవాళ్ళం."

"మీరు అంటే?"

"మా ఇంట్లో. పన్నెండేళ్ళు వచ్చేదాకా నేను గొర్రెలు కాశాను. గుట్టల మీదే."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. మడత కుర్చీకి వెనక ఏమీ ఉండదు కాబట్టి నేను పట్టుకున్నాను.

"పదకొండేళ్ళు నా ఇంట్లో ఉన్నావు. ఒక్కసారి చెప్పలేదు."

"మీరు అడగలేదు మామా."

అది ఆమెకు సబబుగానే తోచినట్టుంది. లేచి నడిచింది. ఈసారి నలభై అడుగులు నడిచాక గానీ ఆగలేదు.

పొలాల గోడ దాటాక మెత్తటి నేల వచ్చింది. నీళ్ళు తాగిన పరుపు మీద నడిచినట్టు ఉంది. మోకాలెత్తు గట్టి పొదలు, మధ్యలో నల్లటి బురద గుంటలు, సన్నటి గడ్డి చివర తెల్లగా పత్తిలాంటి పూలు. పెద్దమామా ఒకటి కోసివ్వమంది. వేళ్ళతో నలిపి చూసి, "దీంతో దిండు చేయొచ్చా?" అంది. "పది గుట్టలు ఏరితే ఒక దిండు అవుతుంది" అన్నాను.

మెత్తనేలలో ఆమె చేతికర్ర దిగబడుతోంది. నేను ఆమెకు ఒక అడుగు కింద, పక్కగా నడుస్తూ మోచేయి పట్టుకున్నాను. గట్టి గడ్డి దుబ్బు చూపించి, ఇక్కడ కాలు పెట్టండి, ఇప్పుడు అక్కడ, అని చెబుతూ పోయాను. గడ్డిలో ఏ రంగు గట్టినేలో ఏది బురదో నాకు ఇట్టే తెలిసిపోతోంది. ముప్పై ఏళ్ళ కిందటి కళ్ళు ఇంకా ఉన్నాయని ఆశ్చర్యపోతూ, చూపంతా ఆమె కాళ్ళ మీద పెట్టి, నేను నేరుగా బురదలో కాలేశాను. కాలు పైకి వచ్చింది. బూటు రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని మోచేతి దాకా చెయ్యి దూర్చి వెతికాను. బూటు దొరికింది, చాలా పెద్ద చప్పుడుతో వచ్చింది.

పెద్దమామా నవ్వింది. కుర్చీ కోసం చెయ్యి చాపుతూ నవ్వింది, కూర్చుని నవ్వింది, కళ్ళు తుడుచుకుని నా చెయ్యి చూసి మళ్ళీ నవ్వింది. ఆమె భర్త పెద్దబాబా పోయాక ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. నేను బూటులో నీళ్ళు ఒంపి, కాలు దూర్చి, ఆమె అయ్యేదాకా నిలబడ్డాను.

టీ తాగుతున్నప్పుడు, "కువైట్‌కు వచ్చిన కొత్తలో నీకు దేనికి భయమేసింది?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను అది అడగలేదు. కొంచెం ఆలోచించాల్సి వచ్చింది.

"అంతా చదునుగా ఉందని" అన్నాను. "మా ఊళ్ళో ఏ గుట్ట ఎటుందో చూసి ఇల్లు ఎటో తెలుసుకుంటాం. అక్కడ తలెత్తితే ఏమీ లేదు. బజారుకు పోయి నిలబడితే ఎటు తిరిగినా ఒకటే. ఆరు నెలలు రోజూ తప్పిపోయినట్టే ఉండేది."

"మాకు సముద్రం ఉండేది" అంది ఆమె. "చిన్నప్పుడు మట్టి ఇల్లు. దూరం చూడాలంటే మిద్దె ఎక్కాలి. ఎండాకాలం అందరం మిద్దె మీదే పడుకునేవాళ్ళం. తర్వాత ఏసీలు వచ్చాయి." మిగిలిన టీ తాగేసి, "మిద్దె కన్నా ఎత్తైనదేదీ నేను నా కాళ్ళతో ఎక్కలేదు" అంది.

కప్పు నాకిచ్చి లేచింది.

సగం పైన మబ్బు దిగింది. ఎవరో దుప్పటి విదిల్చినట్టు వచ్చి కప్పేసింది. నాలుగు గజాల అవతల ఏమీ కనిపించదు. గొర్రెల అరుపులు మాత్రం అన్ని పక్కల నుంచీ వస్తున్నాయి. నాకు అప్పుడు నిజంగా భయమేసింది. ఫోను తీశాను. సిగ్నల్ లేదు. కిందికి పోదాం మామా అన్నాను. కింద ఎటో చెప్పు అంది. ఆమె అడిగింది నిజమే.

అలా నిలబడి ఉండగా ఒక కుక్క వచ్చింది. నలుపూ తెలుపూ కుక్క. వెనకే చేతిలో కర్రతో, నెత్తిన టోపీతో ఒక ముసలి రైతు. మమ్మల్ని చూసి గబుక్కున ఆగిపోయాడు. టోపీ తీశాడు.

"దారి తప్పారా సిస్టర్స్?" అన్నాడు.

తల నుంచి కాళ్ళ దాకా నలుపులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళం, మబ్బులో. కాన్వెంటులో ఉండే కన్యస్త్రీలం అనుకున్నాడు. ఆయన ఇంగ్లీషులో మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తాయి. మాల్‌లో నేర్చుకున్న నా ఇంగ్లీషుకు అందులో కొన్నే దొరికాయి.

"నో సిస్టర్" అన్నాను. "మేడమ్. కువైట్. పైకి."

ఆయన పెద్దమామాను చూశాడు, కర్ర చూశాడు, నా భుజాన కుర్చీ చూశాడు. మంచి రోజు ఎంచుకున్నారు అన్నాడు. వెక్కిరింపేమో అని మొహం చూశాను. కాదు. ఆ దేశంలో తల మీద నీళ్ళు ధారగా పడకపోతే మంచి రోజే. కుర్చీ నా దగ్గర తీసుకుని తన భుజాన వేసుకుని, దగ్గరే, రండి అని ముందు నడిచాడు.

ఇంతలో కుక్క పెద్దమామా అబాయా వాసన చూడబోయింది. ఆమె వెనక్కి జరిగింది. "దూరంగా ఉండమను. నమాజు చేసుకోవాలి" అంది. నేను చేతులతో చెప్పాను. రైతు ఒక చిన్న ఈల వేశాడు. కుక్క పది గజాలు పోయి పడుకుని, అక్కడ నుంచి చూడసాగింది.

"మా ఇంట్లో ఎవరూ ఇంత త్వరగా వినరు" అంది పెద్దమామా.

గంట గుట్ట మాకు మూడున్నర గంటలు పట్టింది. పైన ఒక రాళ్ళ కుప్ప ఉంది. ఎక్కినవాళ్ళు తలా ఒక రాయి పెడతారని రైతు చెప్పాడు. అది తప్ప ఏమీ కనిపించలేదు. చుట్టూ తెల్లగా, మజ్జిగలో నిలబడ్డట్టు ఉంది. పెద్దమామా చుట్టూ తిరిగి చూసింది.

"ఇదేనా?"

"ఇదే మామా. ఇంక పైకి లేదు."

"సరే" అంది. ఒక చిన్న రాయి తీసివ్వమని, కుప్ప మీద పెట్టింది. రాతి గుంటలో నిలిచిన వాననీళ్ళతో చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కుంది. బూట్లు నేను విప్పాను. ఆ నీళ్ళకు నా వేళ్ళే కొంకర్లు పోయాయి. ఆమె రెండో కాలు కూడా కడుక్కుని, "మక్కా ఎటు?" అంది.

ఇంట్లో అయితే ఫోను చూపిస్తుంది. ఇక్కడ ఫోను పనిచేయడం లేదు. నేను రైతును అడిగాను. ఆయన జీవితంలో ఆ గుట్ట మీద ఆ మాట ఎవరూ అడిగి ఉండరు. గడ్డం గోక్కున్నాడు. కర్ర ఎత్తి ఒక పక్కకు చూపించాడు.

"రోమ్ అటు" అన్నాడు. "మీది ఇంకా కొంచెం ముందుకు ఉండాలి."

కుర్చీ అటు తిప్పి వేశాను. ఆమె కూర్చుని నమాజు చేసుకుంది. ఆయన టోపీ చేత్తో పట్టుకుని, కుక్కతో సహా అటు తిరిగి నిలబడ్డాడు. గాలి తప్ప చప్పుడు లేదు. నా కాలి బూటులో నీళ్ళు ఉన్నాయి. ఎందుకో నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

నమాజు అయి ఆమె కళ్ళు తెరిచేసరికి మబ్బు ఒక పక్క చిరిగింది. కింద పొలాలు, రాతిగోడలు, దూరంగా ఒక నీళ్ళ గీత, అన్నీ ఒకేసారి వచ్చాయి. మేమున్న ఇల్లు అగ్గిపెట్టెలా ఉంది. దాని ముందు తెల్ల కారు ఆగి ఉంది. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. కారు చుట్టూ చీమలంత మనుషులు అటూ ఇటూ పరుగెడుతున్నారు.

"వాళ్ళేనా?" అంది పెద్దమామా.

"వాళ్ళే మామా. త్వరగా వచ్చేశారు."

ఆమె చాలాసేపు చూసింది. ఒక చీమ ఇంట్లోకి పోయి బయటికి వచ్చింది. ఇంకొకటి గేటు దాకా పోయి వెనక్కి వచ్చింది.

"ఎంత చిన్నగా ఉన్నారో చూడు" అంది. "ఇంకాసేపు కూర్చుందాం."

అప్పుడే నా ఫోను మోగింది. మబ్బుతో పాటు సిగ్నల్ కూడా తెరిపి ఇచ్చినట్టుంది. తెర మీద మామా పేరు. పెద్దమామా చెయ్యి చాపితే ఇచ్చేశాను. ఆమె స్పీకరు నొక్కింది. చెవికి ఆనించుకుని మాట్లాడటం ఆమెకు ఇష్టం ఉండదు.

"అమ్మా! ఎక్కడున్నావు?"

"పైన."

"పైన ఎక్కడ? పైన రెండు గదులూ చూశాం!"

"గుట్ట పైన."

కింద ఒక చీమ కదలకుండా నిలబడిపోయింది. అది మామా అయి ఉంటుంది. పెద్దమామా శాలువా తీసి గాలిలో ఊపింది.

దిగడం కష్టమైంది. ఎక్కేటప్పుడు సహించిన మోకాలు దిగేటప్పుడు సహించలేదు. ఇరవై అడుగులకే ఆమె పెదవి కొరుక్కుంటోందని చూసి రైతు మమ్మల్ని ఆగమని, కుక్కను కాపలా పెట్టి వెళ్ళాడు. అవతలి వాలు నుంచి మోటారు సైకిల్ లాంటి నాలుగు చక్రాల బండి తెచ్చాడు. దాని వెనక గొర్రెల మేత మోసే చిన్న తొట్టి ఉంది. తొట్టిలోకి ముందు కుక్క ఎక్కింది. పెద్దమామా ఎక్కనంది. కుక్కను దించారు. లోపల కొత్త గడ్డి పరిచి, దాని మీద నా కోటు పరిచి కూర్చోబెట్టాం. నేను పక్కన పట్టుకుని కూర్చున్నాను. కుక్క బండి వెంట పరుగెత్తింది. దారి పొడుగునా పెద్దమామా తొట్టి అంచు రెండు చేతులా పట్టుకుని ముందుకే చూస్తూ ఉంది.

గేటు దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వలేదు.

మనవరాళ్ళు అవ్వను లోపలికి తీసుకుపోయారు. మామా రైతుకు థాంక్స్ చెప్పి, ఆయన పోయేదాకా ఆగి, నా వైపు తిరిగింది. "అమ్మ పడి ఉంటే?" అంది. "చెప్పు. పడి ఉంటే? అక్కడ ఆసుపత్రి ఉందా? ఫోను కూడా లేదు. కువైట్‌కు పోగానే నిన్ను మీ ఊరికి పంపిస్తాను." ఆమె మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఆ అరగంట ఆమె ఎలా వెతికి ఉంటుందో అప్పుడు తెలిసింది. పెద్దమామా ఆజ్ఞ అని చెప్పొచ్చు. చెబితే తల్లీకూతుళ్ళ మధ్య నేను దూరినట్టవుతుంది. ఊరుకున్నాను.

లోపల నుంచి పెద్దమామా కేక వేసింది. "నేను చెప్పాను, అది వింది! దాన్ని ఏమీ అనొద్దు!"

"నువ్వు పడుకో అమ్మా!" అని మామా కూడా కేక వేసింది.

మోకాలు రెండు రోజులు వాచింది. గడ్డకట్టిన బఠాణీల సంచి పెట్టి తగ్గించాను. పట్టా ఇచ్చే రోజుకు ఆమె నడిచింది. మామా మిగిలిన రెండు వారాలూ నాతో నేరుగా మాట్లాడలేదు. ఏ పనైనా కూతుళ్ళతో చెప్పించేది. నేను పక్కనే ఉన్నా, "టీ పెట్టమను" అని వాళ్ళతో అనేది. వాళ్ళు నా వైపు తిరిగి, "టీ పెట్టు" అనేవాళ్ళు. నేను వాళ్ళకే సరే అని చెప్పేదాన్ని.

కువైట్ ఎయిర్‌పోర్టులో రాయచోటి అన్న పెట్టెలు ఎత్తుతూ, "ఏం చెల్లే, ఎట్లుండె ఆ దేశం?" అన్నాడు.

"గుట్టుండాది అన్నా. మన గుట్ట మాదిరే. తడిసిపోయుండాది."

"ఎక్కితివా?"

"ఎక్కితి. అందుకే పంపిస్తారేమో."

అన్న పెట్టె కింద పెట్టాడు. "గుట్టెక్కితే పంపిస్తారా? యాడి రూల్ అది?" నేను కథంతా చెప్పలేకపోయాను. మామా వచ్చేస్తోంది.

జులై పోయింది, ఆగస్టు పోయింది. పంపిస్తానన్న మాట మళ్ళీ రాలేదు, పంపనన్న మాటా రాలేదు. పెట్టె అటక మీద పెట్టాలా, మంచం కిందే ఉంచాలా తేలక మంచం కిందే ఉంచాను. పెద్దమామా మాత్రం వచ్చిన చుట్టాలందరికీ గుట్ట కథ చెప్పేది. ప్రతిసారీ గుట్ట కొంచెం పెరిగేది. బురదలో నా బూటు దగ్గరికి వచ్చేసరికి చెప్పడం ఆపి నా వైపు చూసేది. అప్పుడు నేను చెయ్యి మోచేతి దాకా చూపించాలి.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని కొత్తిమీర తుంచుతున్నాను. మామా వచ్చింది. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. వంటింట్లో ఆమె కూర్చోవడం నేను పదకొండేళ్ళలో చూడలేదు.

"అమ్మ అంటోంది, నువ్వు చిన్నప్పుడు గొర్రెలు కాశావట."

"అవును మామా."

"ఎప్పుడూ పడలేదా?"

"పడ్డాను." చొక్కా చెయ్యి మడిచి మోచేతి కింద మచ్చ చూపించాను. "బండ మీద నుంచి. అక్కడ డాక్టరు లేడు. మా అమ్మ పసుపు పెట్టి గుడ్డ కట్టింది."

ఆమె వంగి ఆ మచ్చను చూసింది. తాకలేదు గానీ చాలాసేపు చూసింది.

"ఆ రోజు మా అమ్మ పడి ఉంటే?" అంది. ఈసారి గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడుగుతోంది.

"నా మీద పడేది మామా" అన్నాను. "ఎక్కేంతసేపూ నేను ఆమెకు ఒక అడుగు కిందే నడిచాను. గొర్రెపిల్లల్ని ఎక్కించేటప్పుడు మేము అట్లాగే నడుస్తాం."

ఆమె చెయ్యి చాపి నా ముందున్న కొత్తిమీరలో సగం తన వైపు లాక్కుంది.

"ఖలాస్" అంది. అంటే అయిపోయింది, ఇంక ఆ సంగతి లేదు.

ఇద్దరం కలిసి ఆ కట్ట తుంచాం. ఆమెకు ఆ పని రాదు. కాడలూ వేళ్ళూ అన్నీ ఆకుల్లోనే వేసింది. ఆమె లేచి పోయాక నేను మళ్ళీ కూర్చుని అవన్నీ ఏరాను.